31 మందితో వెళ్లిన ఓడ ఏమైంది? మ్యోజిన్-షో, 1952

సముద్రం అడుగున పేలే అగ్నిపర్వతాన్ని స్టడీ చేయాలంటే ఇప్పుడు రోబోని దింపి వీడియో తీస్తున్నారు. 1952లో ఆ సీన్ లేదు. మనుషులే ఓడెక్కి దాని దగ్గరికి వెళ్లాలి.

ఆ ఏడాది సెప్టెంబర్ 17న, టోక్యోకి దక్షిణంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో పేలుళ్లు వస్తున్నాయని మ్యోజిన్ మారు అనే చేపల పడవ కబురు పెట్టింది. ఆ పడవ పేరు మీదే ఆ చోటు మ్యోజిన్-షో అయింది. 23న షిన్యో మారు అనే ఓడలో వెళ్లినవాళ్లు పేలుడు చూసి, ఫొటోలు తీసి, క్షేమంగా వచ్చేశారు. మరుసటి రోజు జపాన్ హైడ్రోగ్రాఫిక్ శాఖ వాళ్ల సర్వే ఓడ కైయో మారు నంబర్ 5 అక్కడ ఉండాలి. అందులో శాస్త్రవేత్తలు, నావికులు కలిపి 31 మంది. ఒక్కరూ తిరిగి రాలేదు. ఎస్ఓఎస్ కూడా రాలేదు.

తర్వాత వెతికితే ఓడ శకలాలు కొన్ని దొరికాయి. వాటిలో అగ్నిపర్వతం రాతి ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. అంటే తుఫానో, ఇంజిన్ ఫెయిల్యూరో కాదన్నమాట. మరి టైమ్ ఎలా తెలిసింది? ఇక్కడే నాకు మతిపోయింది. మన సర్వర్ క్రాష్ అయితే లాగ్స్ తీస్తాం కదా, ఆ లాగ్ ఎక్కడో కాలిఫోర్నియాలో ఉంది! అక్కడ తీరంలో నీళ్లలో పెట్టిన మైకులు, అంటే హైడ్రోఫోన్లు, మ్యోజిన్-షో పేలుళ్లని రికార్డ్ చేశాయి. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1.5 కిలోమీటర్లు పోతుంది. 8 వేల కిలోమీటర్లు దాటి రావడానికి గంటన్నర. ఆ లెక్క వెనక్కి వేసి చూస్తే, 24 మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒక పేలుడు ఉంది. ఓడ మునిగింది అప్పుడే అని అంచనా. డీట్జ్, షీహీ అనే ఇద్దరు 1954లో ఈ రికార్డుల మీద పేపర్ రాశారు.

అసలు అంత ప్రమాదం ఎందుకంటే, అక్కడ లోతు తక్కువ. నీళ్లలో ప్రతి 10 మీటర్లకి ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. బాగా లోతులో ఆ బరువే ఆవిరిని, లావాలోని గ్యాస్‌ని వ్యాకోచించకుండా అణిచిపెడుతుంది. పైకొచ్చేకొద్దీ ఆ మూత వదులవుతుంది. మామూలు ఒత్తిడిలో లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతాయి. పైగా ఇది ముందు చెప్పి పేలదు. ఆ నెలల్లో మ్యోజిన్-షో దగ్గర చిన్న దీవి పైకొచ్చేది, పేలి మాయమయ్యేది, మళ్లీ వచ్చేది.

జపాన్ వాళ్లు ఆ తర్వాత ఇలాంటి చోట్ల కొలతలకి మన్‌బో అనే మనుషుల్లేని పడవని తయారుచేసుకున్నారు. పెద్ద ఓడ దూరంగా ఆగుతుంది, ఇది ఒక్కటే అగ్నిపర్వతం మీదకి వెళ్లి లోతు కొలుస్తుంది.