సత్యభామ జడ నుంచి వేయిపడగల దాకా

కూచిపూడిలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. పదిహేడో శతాబ్దంలో సిద్ధేంద్రుడనే యువకుడు భార్యను చూడాలని బయలుదేరాడు. దారిలో కృష్ణ దాటుతుంటే ఏరు పొంగింది. ప్రాణం పోయేలా ఉందనిపించి, బతికిస్తే సన్యసిస్తానని నడి ఏట్లో మొక్కుకున్నాడు. ఒడ్డుకు చేరాడు, మాట తప్పలేదు. ఎదురుచూస్తున్న ఇల్లాలు ఏమైందో కథ చెప్పదు. ఆ సన్యాసి కలం నుంచి వచ్చిందంటున్న భామాకలాపం నృత్యనాటకంలో మాత్రం సత్యభామ కృష్ణుడి కోసం తపించిపోతుంది, అలుగుతుంది, ఉత్తరం రాస్తుంది. సిద్ధేంద్రుడి భార్యకు దక్కని మాటలన్నీ సత్యభామకు దక్కినట్టున్నాయి.

చరిత్రకారులు ఈ గాథను అక్షరాలా నమ్మరు. గోల్కొండ ఏలిక తానీషా 1678లో కూచిపూడిని నాట్యమాడే భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడన్న మాట కూడా ఊరి సంప్రదాయం చెప్పేదే. అయితే ఊరు మాత్రం ఆ కథను కట్టుబాటుగా మార్చుకుంది. భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నారు. తెర మీదుగా జడ వేలాడదీసి, ఓడించేవాళ్లుంటే రమ్మని సవాలు విసిరే ఆనవాయితీ ఈ ఊరిదే. వేదాంతం సత్యనారాయణశర్మ లాంటి నటుడు సత్యభామగా తెర తీసుకుని వస్తే, ఆ వేషంలో ఉన్నది మగవాడన్న సంగతి ప్రేక్షకులు మర్చిపోయేవారు.

కూచిపూడికి దగ్గర్లోనే మొవ్వ ఉంది. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి ముద్ర ఆ ఊరి స్వామిదే. ఆ పదాల్లో మాట్లాడేది చాలావరకు నాయికే. కవి వెనక్కి తప్పుకుని, విరహమో కోపమో ఆమె నోట పలికిస్తాడు. కృష్ణా డెల్టాలో మనిషి తన కష్టాన్ని తన పేరుతో చెప్పుకోవడం చాలాకాలం మర్యాద అనిపించుకోలేదు. దేవుడి కథలో పెట్టి చెబితే ఊరంతా కూర్చుని వినేది. ఇరవయ్యో శతాబ్దంలో నవల వచ్చాక కూడా ఈ పద్ధతి పోలేదు. దాన్ని అన్నిటికన్నా పెద్ద ఎత్తున, అన్నిటికన్నా మొండిగా వాడుకున్నవాడు విశ్వనాథ సత్యనారాయణ.

ఆయన 1895 సెప్టెంబరు 10న కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. తల్లి పార్వతమ్మ, తండ్రి శోభనాద్రి. ఉన్నదంతా అడిగినవాడికి ఇచ్చేసే మనిషి శోభనాద్రి. ఊళ్లో శివాలయం కట్టించారు. దానధర్మాలతో ఆస్తి కరిగిపోయింది. కలిగిన ఇంట్లో పుట్టిన కొడుకు లేమిలో పెరిగాడు. బందరులో చదువుకుంటున్నప్పుడు చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గురువుగా దొరకడం ఒక్కటే ఆ రోజుల అదృష్టం. ఆ తర్వాత స్వాతంత్ర్యోద్యమ ప్రభావంలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేశారు. 1910లో కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు మొదలుపెట్టిన విద్యాసంస్థ అది. ఆశయం ఆకాశమంత, నిధులు అరకొర. గుంటూరులో కొంతకాలం ఉద్యోగం చేసినా, 1938లో బెజవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో చేరేదాకా కాలు ఒకచోట నిలిచింది లేదు. ఈలోగా భార్య వరలక్ష్మమ్మ కన్నుమూశారు. ఆమె కోసం ఆయన రాసుకున్న పద్యకావ్యం వరలక్ష్మీ త్రిశతి.

ఆ కావ్యంలో ఏడ్చారు. నవలలో ఏడవలేదు.

వేయిపడగలు 1934 నాటిది. విశ్వనాథ ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకుంటూ పోయారనీ, 29 రోజుల్లో పని పూర్తయిందనీ సాహిత్యలోకంలో చెప్పుకుంటారు. అన్ని వందల పేజీలు నెల తిరక్కుండా నోట రావడమంటే, అవి అంతకుముందే ఏళ్లపాటు లోపల నలిగి ఉండాలి. నవలలో సుబ్బన్నపేట అనే ఊరు. ఆ ఊరిని వేయి పడగల నాగరాజుగా సుబ్రహ్మణ్యేశ్వరుడు కాస్తుంటాడు. జమీందారు ఇల్లు, వేణుగోపాలస్వామి కోవెల, స్వామినే భర్తగా తలచే దేవదాసి గిరిక, చేలగట్ల మీద పచ్చగా తిరిగే పసిరిక, పూనకంలో పలికే గణాచారి. వీటన్నిటి మధ్య ధర్మారావు ఉంటాడు. అతని తండ్రి రామేశ్వరశాస్త్రి కూడా ఇచ్చి ఇచ్చి చితికిపోయినవాడే. ధర్మారావు చదువుకున్నవాడు, పేదవాడు, కొలువు నిలవనివాడు. అతని భార్య అరుంధతి చనిపోతుంది.

జీవితానికీ నవలకూ ఇంత దగ్గరి పోలికలున్నా విశ్వనాథ దాన్ని ఆత్మకథలా నడిపించలేదు. సొంత ఇంటి పేదరికాన్ని ఊరి పేదరికం చేశారు, ఊరి పేదరికాన్ని ధర్మం సన్నగిల్లడానికి గుర్తు చేశారు. నాగరాజు పడగలు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. చివరికి మిగిలేది దాంపత్యమనే పడగ. భార్యను పోగొట్టుకున్న రచయిత నవలంతటా ఏది కూలినా ఊరుకుని, దాంపత్యాన్ని మాత్రం కూలనివ్వలేదు. వరలక్ష్మీ త్రిశతి రాసిన చేతికి అది తప్ప మరో ముగింపు తోచి ఉండదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో బహుమతిని వేయిపడగలు, అడివి బాపిరాజు నారాయణరావు పంచుకున్నాయి. పి.వి. నరసింహారావు దీన్ని సహస్రఫణ్ పేరుతో హిందీ చేశారు, 1968లో అచ్చయింది. ఒక పెద్ద దేశానికి తర్వాత ప్రధాని అయిన మనిషి ఇంత లావు నవలను ఓపిగ్గా అనువదించడం మామూలు సంగతి కాదు.

విశ్వనాథ ఎప్పుడూ ఇంత గంభీరంగా ఉండేవారనుకుంటే పొరపాటు. హాహాహూహూ నవలలో గుర్రపు తల ఉన్న గంధర్వుణ్ణి తెచ్చి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడేశారు. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులో పంచతంత్రకర్తను ఇంగ్లీషు పాఠాలకు కూర్చోబెట్టారు. బెజవాడ కాలేజీలో ఆయన వేయించిన నాటకంలో నాగమ్మ వేషానికి మీసం తీయనని మొండికేసిన విద్యార్థి నందమూరి తారక రామారావు. మీసాలతోనే రంగం మీదికి వచ్చి మీసాల నాగమ్మ అనిపించుకున్నాడు. కూచిపూడి భాగవతులు వింటే నొచ్చుకునే ముచ్చట ఇది.

రామాయణ కల్పవృక్షం కూడా సొంత కష్టాన్ని దైవకథ చేసిన కోవలోదే. రామాయణం రాయమన్నది తండ్రి. ఆస్తి మిగల్చని తండ్రి అప్పగించిన ఆ పని దాదాపు 30 ఏళ్లు పట్టింది. 1970 జ్ఞానపీఠం దానికే వచ్చింది, తెలుగుకు అదే మొదటిది. బహుమానం లక్ష రూపాయలు.

కష్టాన్ని ఇలా దైవకథ చేయడంలో ఒక చిక్కుంది. ధర్మారావు లేమి ఉన్నతంగా కనిపించాలంటే ఆ లేమికి కారణమైన వ్యవస్థ కూడా ఉన్నతంగానే కనిపించాలి. నవల కులధర్మాన్ని వెనకేసుకొస్తుంది. గిరిక భక్తి అందంగా ఉంటుంది. దేవదాసి బతుకులో ఉన్న ఆకలి, అప్పు, ముసలితనం మాత్రం ఆ అందం చాటుకు పోతాయి. మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అర్పణను నిషేధిస్తూ చట్టం తెచ్చింది 1947లో, నవల వచ్చిన 13 ఏళ్లకు. డెల్టాలోనే పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి అప్పటికే పురాణాలను తలకిందులు చేసి రాస్తున్నారు. శంబుకవధ 1920 నాటిది. దైవకథలో ఎవరి కష్టానికి చోటు దొరుకుతుందన్న ప్రశ్నను ఆయన ముందే వేశారు. వేయిపడగలకు ఆ ప్రశ్న వినిపించినట్టు లేదు.

విశ్వనాథ ఉన్న బెజవాడలోనే మరో మనిషి ఇంకో దారి పట్టాడు. గుడిపాటి వెంకటచలం విశ్వనాథ కన్నా ఏడాది పెద్ద, 1894లో పుట్టారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. రాతల వల్లా బతుకు తీరు వల్లా వెలిని చవిచూశారు. సొంత బాధను దేవుడి పేరు కింద దాచడం ఆయనకు పడలేదు. మైదానం నవలలో రాజేశ్వరి వేదన రాజేశ్వరిదే, ఏ గోపికకూ అది బదిలీ కాదు. పురాణం జోలికి వెళ్లినా సావిత్రి, శశాంక నాటకాల్లో పురాణాన్నే నిలదీశారు. ఆ చలమే స్నేహితుడు చింతా దీక్షితులు ద్వారా రమణ మహర్షి దగ్గరికి చేరారు. 1950లో బెజవాడ విడిచి కుటుంబంతో మహర్షి ఉన్న అరుణాచలం వెళ్లిపోయారు. ఆ ఏడాది ఏప్రిల్ 14న మహర్షి దేహం విడిచినా చలం వెనక్కి రాలేదు.

విశ్వనాథ కష్టం నవలలోకి వెళ్లి దైవమైంది. చలం దైవం దగ్గరికే వెళ్లాక నవలలు దాదాపు ఆపేశారు. అక్కడ గీతాంజలిని తెలుగు చేశారు, సుధ రాశారు, ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాల్లో జబ్బులూ డబ్బు ఇబ్బందులూ రమణ భగవాన్ మాటల పక్కనే కూర్చుని ఉంటాయి. సత్యభామలూ ధర్మారావులూ లేకుండా ఒక తెలుగు రచయిత ఆధ్యాత్మిక బాధను తన పేరుతో చెప్పుకోవడానికి డెల్టా దాటి వందల కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది.

విశ్వనాథ 1976 అక్టోబరు 18న పోయారు. చలం 1979 మేలో అరుణాచలంలో. సంప్రదాయం పక్కన ఒకరిని, తిరుగుబాటు పక్కన మరొకరిని నిలబెట్టే అలవాటు మన విమర్శకు బాగా ఉంది. వేయిపడగల్లో అరుంధతి మరణం చదివిన వెంటనే అరుణాచలం నుంచి చలం రాసిన ఉత్తరం ఒకటి తెరిస్తే ఆ సరిహద్దు అంత గట్టిగా కనిపించదు. ఇద్దరూ ఇంట్లో పడ్డ కష్టానికి ఇంటి బయట అర్థం వెతికినవాళ్లే.