పేరు మారిన తుమ్మచెట్టు

కడప జిల్లా పులివెందుల దగ్గర తుమ్మలపల్లె అనే ఊరుంది. ఇవాళ ఆ పేరు వినగానే అందరికీ యురేనియమే గుర్తుకొస్తుంది. 2007లో గనికి శంకుస్థాపన జరిగిన నాటినుండి ఊరు పత్రికలకెక్కింది. ఆ ఊరికి పేరు పెట్టిన పూర్వులు మాత్రం భూగర్భంలోకి తొంగిచూడలేదు, నేలమీది తుమ్మచెట్లనే చూశారు. వేంపల్లెలో వేప ఉందని, జమ్మలమడుగులో జమ్ము ఉందని అక్కడివారు చెబుతారు. చింతకొమ్మదిన్నె సంగతి చెప్పనే అక్కరలేదు. కడప జిల్లా ఊళ్ళపేర్లు ఏరుకుంటూ పోతే వృక్షశాస్త్రంలో మొదటి పాఠం దాదాపు పూర్తయినట్లే.

అయినా ఆ ఊళ్ళలోని పిల్ల ఎవరైనా బై.పి.సి. తరువాత డాక్టరు సీటు రాక బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం తీసుకుంటానంటే ఇంట్లోవాళ్ళు మొట్టమొదట అడిగేది ‘అది చదివితే ఏం ఉద్యోగమొస్తుంది?’ అనే. ప్రశ్న న్యాయమైనదే, పైగా చాలా పాతది. మన ప్రాంతంలో ఈ శాస్త్రం చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నాకనిపిస్తుంది.

తెలుగునాట మొక్కలను ఐరోపా పద్ధతిలో చదివిన తొలితరం వారెవరికీ మొదట్లో అది జీతమిచ్చే వృత్తి కాదు. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో వైద్యుడిగా తరంగంబాడికి వచ్చాడు. తరువాత కంపెనీ కొలువులో చేరి, 1785లో కాకినాడ దగ్గర మరణించాడు. విలియం రాక్స్‌బరో కూడా కంపెనీ సర్జనే. సామర్లకోటలో ఉద్యోగం చేస్తూ, తోట పెంచుతూ, మొక్కలు సేకరిస్తూ, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. ఆ శ్రమ ఫలితమే 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడువందల చిత్రపటాలతో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం. అందులో చిత్రకారుల పేర్లు లేవు, కాని మన తెలుగు పేర్లు ఉన్నాయి. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని రాక్స్‌బరో రాశాడు. 1830లో ఆ చెట్టు ప్రజాతికి శాస్త్రీయనామంగా ‘సోయ్‌మిడా’ స్థిరపడింది. తెలుగు మాట లాటిన్ వేషం కట్టింది, అంతే.

ఆ తరువాతివాడు రాబర్ట్ వైట్. ఆయనా మద్రాసు సర్జనే. కాని తన చిత్రకారులను మరుగున పడనీయలేదు. రంగయ్య, గోవిందు అనే ఇద్దరి పేర్లు ఆయన ప్రచురించిన బొమ్మలకింద కనిపిస్తాయి. ఒక ఆర్కిడ్ ప్రజాతికి ఏకంగా ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని వేరే ప్రజాతిలో కలిపేశారు. పేరు నిలవకపోయినా, కుంచె పట్టినవాడికి ఆ రోజుల్లో అంతటి గౌరవం దక్కడం విశేషమే.

ఇప్పుడు తుమ్మ కథకు వద్దాం, ఎందుకంటే ఇందులోనూ వైట్ దొర ఉన్నాడు. నల్లతుమ్మను లిన్నేయస్ 1753లో ‘మిమోసా నైలోటికా’ అన్నాడు. ఆ తరువాత అది ‘అకేషియా’ అయింది. మన పాఠ్యపుస్తకాలు అకేషియా అరబికా అనో, నైలోటికా అనో నేర్పాయి. ఆ ప్రజాతికి ప్రమాణజాతి కూడా అదే. అంటే అకేషియా అన్న మాటకు నిలువెత్తు సాక్ష్యం మన తుమ్మే. ఇలా ఉండగా ఆస్ట్రేలియాలో అకేషియాలు వెయ్యికి దగ్గరగా ఉన్నాయని, ప్రజాతిని విడదీస్తే వాటన్నిటి పేర్లూ మార్చవలసి వస్తుందని ఒక వాదం బయలుదేరింది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశంలో ఆ పేరును ఆస్ట్రేలియా జాతులకే ఉంచాలన్న ప్రతిపాదనమీద ఓటింగు జరిగింది. తిరస్కరించాలన్నవారే ఎక్కువ, 54.9 శాతం. కాని తిరస్కరించడానికి 60 శాతం కావాలన్నది నియమం. అలా ఎక్కువమంది వద్దన్నది నెగ్గింది. 2011లో మెల్‌బోర్న్‌లో అదే ఖాయమైంది. మన తుమ్మ ‘వాచెల్లియా నైలోటికా’ అయింది. ఆ వాచెల్లియా అన్న పేరును 1834లో సృష్టించినది వైట్, ఆయన మిత్రుడు ఆర్నాట్. చైనాలో కంపెనీ మతగురువుగా ఉన్న వాచెల్ అనే ఆయన గౌరవార్థం పెట్టారట! ఆఫ్రికావారు గట్టిగానే పోట్లాడారు. ఊరిపేరులోనే తుమ్మను పెట్టుకున్న మనవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

కడప కొండల మొక్కలనూ ఇదే తీరుగా దూరంనుండి వచ్చినవారే చూశారు. అటవీశాఖలో పనిచేసిన సైనికాధికారి బెడ్డోమ్ పేరుమీద 1883లో ఇక్కడి సైకస్‌కు ‘బెడ్డోమీ’ అని పేరుపడింది. శేషాచలం ప్రాంతాన్ని దాటితే ఆ మొక్క మరెక్కడా సహజంగా పెరగదు. గాంబుల్ మొదలుపెట్టి ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షజాలం 1915-1936 మధ్య వెలువడింది. ఆ కాలంలో సీమ విద్యార్థి ఈ శాస్త్రాన్ని పైస్థాయిలో చదవాలంటే మద్రాసు వెళ్ళవలసిందే. తిరుపతిలో విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. దాని స్నాతకోత్తర కేంద్రం అనంతపురంలో 1968లోనూ, కడపలో 1977లోనూ ఏర్పడ్డాయి. కడప కేంద్రమే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. 1968లోనే తెలుగు అకాడమి కూడా పుట్టి, దారువు, విభాజ్య కణజాలం, కిరణజన్య సంయోగక్రియ వంటి మాటలను పల్లెటూరి పిల్లల నోళ్ళకు అలవాటు చేసింది. అనంతపురం ఆచార్యుడు పుల్లయ్యగారు సహరచయితలతో కలిసి ఆంధ్రప్రదేశ్ వృక్షజాలాన్ని 1997లో వెలువరించారు. రాక్స్‌బరో గ్రంథానికి, దీనికి నడుమ రెండు శతాబ్దాలున్నాయి.

ఉద్యోగాల మాటకొస్తే, దారులు ఉన్నాయి, కాని ఇరుకు. పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయ పదవి, జూనియర్ కళాశాల, నెట్ పరీక్ష గట్టెక్కితే పరిశోధన, విత్తన సంస్థలు. భారత అటవీ సేవకు వృక్షశాస్త్ర పట్టభద్రులు అర్హులే, దానిని ఐచ్ఛికంగానూ తీసుకోవచ్చు. ఎర్రచందనం కడప కొండలదే కనుక, పట్టుబడిన దుంగ ఏ చెట్టుదో కలప కోతను సూక్ష్మదర్శినిలో చూసి చెప్పగలవారు అవసరం. మందార పువ్వు నిలువుకోత గీసి రికార్డు నింపిన చదువు అక్కడిదాకా వెళ్ళగలదని మన లెక్చరర్లు ఒక్కమాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

తుమ్మలపల్లెలోనే ఒక ఉదాహరణ ఉంది. పరిసర గ్రామాల రైతులు గని వ్యర్థాల చెరువువల్ల బోరునీళ్ళు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. గని సంస్థ అంగీకరించలేదు. అక్కడి శుద్ధి ప్రక్రియలో వాడేది సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు. అరటి ఉప్పును ఓర్చలేని పంట. సోడియం ఎక్కువైతే ఆకు అంచులు కాలినట్లు ఎండుతాయి. పొటాష్ తక్కువైతే ముదురాకులు పసుపుపచ్చగా మారి విరిగి వాలిపోతాయి. ఫ్యుజేరియం తెగులైతే కాండాన్ని కోసి చూసినప్పుడు లోపలి నాళాలు ఎర్రగోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. మూడింటినీ దూరంనుండి చూస్తే ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేల్చాలంటే తోటలోకి దిగాలి, ఆకు, మట్టి, నీరు మూడూ పరీక్షించాలి. రైతు చెప్పినా, సంస్థ చెప్పినా, ఆ నివేదిక లేనిదే వాదన ముందుకు సాగదు. అటువంటి నివేదిక రాయగలిగిన మనిషి ఆ ఊరిదే అయితే అంతకంటే కావలసిందేముంది?

అందుకు సాధన అంతా ఎం.ఎస్సీ.లోని హెర్బేరియం దగ్గరే మొదలవుతుంది. కొమ్మను పువ్వుతోను కాయతోను కోయాలి. పాత పేపర్ల నడుమ ఒత్తి, తడి చేరకుండా కాగితాలు మారుస్తూ ఎండబెట్టాలి. గట్టి అట్టమీద కుట్టి చీటీ అంటించాలి. చీటీలో శాస్త్రీయనామం, కుటుంబం, సేకరించినవారు, తేదీ, ఊరు, స్థానికనామం అని గడులుంటాయి. 2005కు ముందు తుమ్మలపల్లెలో ఎవరైనా కొమ్మ కోసి ఉంటే మొదటి గడిలో అకేషియా అని ఉంటుంది. ఇవాళ కోసినవారు వాచెల్లియా అని రాస్తారు. చివరి గడిలో రెండు చీటీలమీదా తుమ్మ అనే ఉంటుంది.