ముఖం కొలత

2021 మే నెల. రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. అందుకని మా బామ్మర్ది ఆళ్లగడ్డలో ఆరు గంటలకే బండి తీసి, ఎండ ఎక్కకముందే నంద్యాలలో మా గుమ్మం ముందు దిగాడు. వీపున ల్యాప్‌టాప్ సంచి, మూతికి రెండు మాస్కులు.

"బావా, మా ఊర్లో నెట్టు నిన్నటి నుంచి సచ్చిపాయ. మీకాడ ఉందా?"

కాఫీ కంటే ముందు నెట్టు అడిగిన చుట్టం నాకు వాడొక్కడే. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. వాడి పేరూ కంపెనీ పేరూ రాయను. పనల్లా లినక్స్ కెర్నెల్‌తో. ఫోన్ల నుంచి పెద్ద సర్వర్ల దాకా ఎన్నిటికో అడుగున ఉండి నడిపించే ప్రోగ్రామ్ అది.

ఆ రోజు కథేమిటంటే, ఒక కస్టమర్ సర్వర్ నెట్టులో వచ్చే సమాచారపు ప్యాకెట్లు పారేస్తోంది. ముందురోజు ఒకసారి కెర్నెల్ ‘ఊప్స్’ అని కేకపెట్టి తప్పు రాసుకుంది, పడిపోకుండా నడుస్తూనే ఉంది. ఎవరు పారేస్తున్నారో తెలియడానికి ఎఫ్‌ట్రేస్ ఉంది. 2008లో స్టీవెన్ రోస్టెడ్ కెర్నెల్లోకి తెచ్చిన సాధనం. లోపల ఏ పని ఎప్పుడు జరిగిందో వరసగా రాసిపెడుతుంది, కిరాణా కొట్టు చిట్టాలాగా. పారేసిన ప్రతి ప్యాకెట్‌కూ ఒక లైను. అందులో రెండు చిరునామాలు: ప్యాకెట్ మెమరీలో ఉన్న చోటు, దాన్ని పారేసిన కోడ్ ఉన్న చోటు.

వాడు రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకున్నాడు. ఊప్స్ రాసిన దాంట్లో పదహారు అంకెల అసలు చిరునామా. చిట్టాలోనేమో ముందు ఎనిమిది సున్నాలు, వెనక ఎనిమిది అర్థంపర్థంలేని అంకెలు. ఒకే ప్యాకెట్ కావచ్చు, కాకపోవచ్చు. పోల్చుకునే దారి లేదు.

ఈ ముసుగుకు వెనక కథ ఉంది. చిరునామా తెలిస్తే దొంగకు సగం పని అయినట్టే. అందుకే 2014లో కీస్ కుక్ చేసిన మార్పుతో, మెషీన్ లేచిన ప్రతిసారీ కెర్నెల్ తన కోడ్‌ను వేరే చోట పరుచుకోవడం నేర్చింది. కానీ అదే కెర్నెల్ రాసే మెసేజ్‌లలో ‘పర్సెంట్ పీ’ అని ఉన్నచోటల్లా అసలు చిరునామా బయటికి కక్కేసేది. దాన్ని మూయడానికి 2011లోనే డాన్ రోజెన్‌బర్గ్ ఒక మీట పెట్టాడు గానీ, దానికి లొంగాలంటే రాసేవాడు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని రాయాలి. ఎవరు గుర్తుపెట్టుకుంటారు? చివరికి 2017లో టోబిన్ హార్డింగ్ తిరగేశాడు. మామూలుగా రాస్తే ముసుగే పడుతుంది. అసలుది కావాలంటే ‘పర్సెంట్ పీఎక్స్’ అని నోరు తెరిచి అడగాలి. 4.15 కెర్నెల్ నుంచి ఇదే పద్ధతి. మెషీన్ మళ్లీ లేచేదాకా ఒక చిరునామాకు ఒకే ముసుగు కాబట్టి చిట్టాలో ఒక లైనును ఇంకో లైనుతో పోల్చుకోవచ్చు. ఊప్స్‌తో మాత్రం కుదరదు.

"మరి నువ్వు మెషీన్‌కు రూటే కదరా, అన్ని అధికారాలూ ఉన్నవాడివి, నీకు కూడా దాస్తుందా?" అన్నాను.

"ఆ మాటే జపాన్ ఆయన అన్నాడు బావా."

ఆయన మసామి హిరమత్సు. 2020లో వాదించాడు: ఈ చిట్టా చూడగలిగేది రూట్ ఒక్కడే. పైగా లోపల దాచుకున్న ముడిచిట్టాలో ఉన్నవి అసలు అంకెలే, చదివి చూపించేటప్పుడే ముసుగు పడుతోంది. రూట్ ఆ ముడిచిట్టా ఎలాగూ తెరవగలడు, ఇంక కాపాడుతున్నదేమిటి? దాంతో ముసుగు తీయడానికీ వేయడానికీ ఎఫ్‌ట్రేస్‌లో ఒక మీట వచ్చింది.

   

మా వాడు ఆ మీటలో సున్నా రాశాడు. చిట్టా మళ్లీ తెరిచాడు. నిన్నటి లైన్లే, ఈసారి అసలు చిరునామాలతో. పావుగంటలో దొరికింది. వదిలేసిన ప్యాకెట్‌నే డ్రైవర్ మళ్లీ ముట్టుకుంటోంది. మా ఆవిడ పెట్టిన ఉగ్గాని రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. ఆ ఊపులోనే ఆ చిట్టాను మెయిల్‌కు తగిలించి, నలభై మంది ఉన్న గ్రూపుకు కొట్టాడు. అందులో బయటి కంపెనీల వాళ్లూ ఉన్నారు.

రాత్రి పదింటికి ఫోన్. వాళ్ల సీనియర్ మేడమ్. మిద్దె మీద స్పీకర్ పెట్టాడు కాబట్టి నాకూ వినిపించింది.

"ఆ మెషీన్ రీబూట్ అయిందా?"

"లేదు మేడమ్."

"ముసుగు తీసి పంపావు."

"కొన్ని లైన్లే మేడమ్, నేను..."

"ఒక్కటి చాలు కదా."

ఫోన్ పెట్టేశాక వాడి మొహం చూడలేకపోయాను. ఒక్కటి ఎందుకు చాలో నాకు అర్థం కాలేదు. అప్పుడే ఆళ్లగడ్డ నుంచి మా మామ ఫోన్ చేశాడు, కొడుకు తిన్నాడా లేదా అని. ఆయనది శిల్పాల పని. వాడు విషయం చెప్పాడు: కోడ్ ఏ చోటికి జరిగినా ముక్కలు ముక్కలుగా జరగదు, మొత్తం ఒకే దిమ్మెగా జరుగుతుంది, ఒక ఫంక్షన్‌కూ ఇంకో ఫంక్షన్‌కూ మధ్య దూరం మారదు.

"అంటే తాళం లెక్కేనేమిరా?" అన్నాడు మామ. "తాళమంటే ముఖం పొడవు, పన్నెండు అంగుళాలు. నవతాళం బొమ్మయితే నూటెనిమిది. ముఖం కొలత ఇచ్చినాక మోకాలు యాడుందో నేను రాయి చూడకుండా చెప్తా."

ఆయన పనిచేసే చోట నేను చూశాను. నల్లరాతి మీద సుద్దతో అడ్డగీతలు, ముందు ముఖం గుర్తు, అక్కడి నుంచి కిందికి కొలుచుకుంటూ పోవడమే. ఉలి పడకముందే బొమ్మ పాదాలు తెలిసిపోతాయి.

హిరమత్సు మాట తప్పని నేను అనను. రూట్ దగ్గర దాచేదేమీ లేదు. కానీ చిట్టా రూట్ దగ్గరే ఉండిపోతుందా? మెయిలెక్కుతుంది, నలభై మంది దగ్గరికి పోతుంది. అందుకే నా ఓటు హార్డింగ్‌కు: ముసుగు వేసే ఇవ్వాలి, తీసేవాడు తెలిసి తీయాలి. మా వాడు తెలిసే తీశాడు, మళ్లీ వేయడం మరిచాడు.

మందు ఒక్కటే, రీబూట్. కస్టమర్ ఒప్పుకునేసరికి రాత్రి రెండు దాటింది. మెషీన్ పడుకుని లేచింది. మా వాడు మీటలో మళ్లీ సున్నా రాసి, చిట్టా నడిపించి, పొద్దుటి ఫంక్షన్ చిరునామా పక్కన ఇప్పటిది పెట్టాడు. ముందు ఎనిమిది ఎఫ్‌లు ఎప్పుడూ ఉండేవే. ఆ తర్వాతి అంకెల్లో కొన్ని మారాయి.

"చివరి అయిదూ అవే ఉన్నాయేందిరా?"

"జరిగితే రెండేసి మెగాబైట్ల లెక్కన జరుగుతాది బావా. ఆ అయిదూ మారవు."

మీటలో ఒకటి రాసి, ల్యాప్‌టాప్ మూశాడు. ఆరింటికి కర్ఫ్యూ సడలితే బయల్దేరాలని మిద్దె మీదే చాప వేసుకున్నాడు.