మూడు చక్రాలకు ఎంత ఇంజన్: ఏటూరునాగారం దారి చెప్పే చరిత్ర

వరంగల్ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా సాగే రహదారిలో, గోదావరి దాటక ముందు వచ్చే పెద్ద ఊరు ఏటూరునాగారం. పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ములుగు జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతాన్ని ఒకవైపు నది, మరోవైపు 1952లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి చుట్టి ఉంటాయి. కోయ గిరిజనుల గూడేలను సంతకు, ఆసుపత్రికి, గిరిజనాభివృద్ధి సంస్థ అయిన ఐటీడీఏ కార్యాలయానికి కలిపే బాటలు వాగులు దాటుతూ, గట్లు ఎక్కుతూ సాగుతాయి కనుక, ఇక్కడ ఏ బండి విలువైనా అది ఎంత వేగంగా పోతుందన్న దానికంటే ఎంత బరువుతో కదలగలదన్న దానిమీదే తేలుతుంది. మోటార్‌సైకిల్‌ను మూడు చక్రాల బండిగా మార్చేవారు ఎన్ని సీసీల ఇంజన్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు సరైన జవాబు కూడా అక్కడే ఉంది.

మోటారు రాకముందు ఈ దారుల్లో బరువు మోసింది ఎడ్లబండి. ఒంటెద్దు బండికి ఎంత ఎత్తాలో, జోడెడ్ల బండికి ఎంత ఎత్తాలో రైతుకు అనుభవం చెప్పేది. బండి దిగబడినప్పుడో, నిట్టనిలువు గట్టు ఎక్కవలసినప్పుడో ముందు మరో జతను కట్టేవారు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర, 1996లో రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందడానికి ఎంతో ముందునుంచే, ఈ లెక్కకు గొప్ప పరీక్షగా నిలిచింది. పిల్లాపాపలు, వంటసామాను, గడ్డి, మేకలు, కోళ్లు, అమ్మలకు నిలువెత్తు సమర్పించే బంగారం, అంటే బెల్లం, అన్నీ ఎత్తుకొని బండ్లు బారులు తీరి అడవిదారిన సాగేవి. బరువును, దారిని చూసి ఎడ్లను ఎంచుకోవడం అప్పటి పద్ధతి.

ఇంజన్‌కు ఆ లెక్క సీసీతో మొదలవుతుంది. సిలిండర్‌లో పిస్టన్ కదిలే చోటి ఘనపరిమాణాన్ని సీసీలలో, అంటే ఘన సెంటీమీటర్లలో, కొలుస్తారు. వెయ్యి సీసీలు ఒక లీటరు. అయితే ఆ అంకె ఒక్కటే బలాన్ని చెప్పదన్న సంగతి మోటారు బండి పుట్టుకలోనే కనిపిస్తుంది. 1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంట్ కోరిన తొలి మోటారు బండికి ఉన్నవి మూడు చక్రాలే; 954 సీసీల దాని ఇంజన్ ఇచ్చిన శక్తి ఒక్క హార్స్‌పవర్ కూడా లేదు. అమెరికాలో హార్లే డేవిడ్సన్ 1932 నుంచి 1973 వరకు తయారు చేసిన సర్వికార్ అనే మూడు చక్రాల బండికి సుమారు 740 సీసీల ఇంజన్ పెట్టారు. దాదాపు అదే పరిమాణపు ఇంజన్ ఉన్న సైనిక మోటార్‌సైకిళ్లు రెండో ప్రపంచయుద్ధం తరువాత మిగిలిపోగా, ఢిల్లీలో మెకానిక్‌లు వాటి వెనుకభాగాన్ని మార్చి, ప్రయాణికుల తొట్టి అమర్చి, ఫట్‌ఫటీ అనే సవారీ బండిని తయారు చేశారు. సౌరాష్ట్రలో అదే పనికి బుల్లెట్ మోటార్‌సైకిల్ అక్కరకొచ్చి ఛకడా అనే బండి పుట్టింది.

ఆటో చరిత్ర ఈ పెద్ద ఇంజన్ల బండ్లకు ఎదురుదిక్కున నడిచింది. 1948లో ఇటలీలో పియాజియో సంస్థ వెస్పా స్కూటర్ ఆధారంగా చేసిన ‘ఆపే’ అనే మూడు చక్రాల బండికి ఉన్నది 125 సీసీల ఇంజన్ మాత్రమే. ఆ సంస్థ సాంకేతిక సహకారంతోనే బజాజ్ మన దేశంలో ఆటోలు తయారు చేసింది. సుమారు 145 సీసీల టూ స్ట్రోక్ ఇంజన్, అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేలోపే ఒక పేలుడు జరిగే ఇంజన్, దశాబ్దాల పాటు మనుషులను మోసిందంటే, ఆ ఘనత సీసీది కాదు, చిన్న చక్రాలది, దిగువ గేర్లది, ఇంజన్‌పైకి గాలి కొట్టే ఫ్యాన్‌ది. ఆ తరువాత మారుమూల రోడ్ల మీదికి డీజిల్ ఆటోలు, ట్రాలీ ఆటోలు వచ్చాయి.

ఈ డీజిల్ బండ్లే అసలు పాఠం నేర్పుతాయి. సుమారు 97 సీసీల స్ప్లెండర్ మోటార్‌సైకిల్ ఇంజన్, దాదాపు 400 సీసీల ఆటో డీజిల్ ఇంజన్ రెండూ ఏడు, ఎనిమిది హార్స్‌పవర్ దరిదాపుల్లోనే శక్తినిస్తాయి. కానీ ఇరుసును మెలితిప్పే బలం, అంటే టార్క్, డీజిల్ ఇంజన్‌లో రెట్టింపు ఉంటుంది. అదీ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే అందుతుంది. బరువుతో గట్టు ఎక్కే బండికి కావలసింది ఈ బలమే. మోటార్‌సైకిల్ ఇంజన్ మాత్రం వేగంగా తిరిగినప్పుడే తన శక్తిని చూపుతుంది, ముందునుంచి తగిలే గాలితోనే చల్లబడుతుంది. అందువల్ల బరువు వేసి మెల్లగా నడిపినప్పుడు అది వేడెక్కి అరుగుతుంది.

కనుక మార్పిడి ఎలాంటిదో ముందు తేల్చుకోవాలి. తెలంగాణలో దివ్యాంగులకు ప్రభుత్వం పంపిణీ చేసే మోటారు వాహనాల వంటి స్కూటర్లలో అసలు వెనుక చక్రం అలాగే ఉండి, ఇరుపక్కలా ఆసరాగా సైడ్ వీల్స్ చేరతాయి. ఇంజన్ మోసేది ఒక మనిషిని, కొద్దిపాటి సామానును కనుక 100 నుంచి 125 సీసీల వరకు ఉన్న గేర్‌లేని స్కూటర్ చాలు. వెనుక చక్రాన్ని తీసేసి రెండు చక్రాల ఇరుసు బిగించడం వేరే సంగతి. మలుపులో బయటి చక్రం లోపలి చక్రంకంటే ఎక్కువ దూరం తిరగాలి కనుక వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కావాలి, వెనక్కి నడిపేందుకు రివర్స్ గేర్ కావాలి, పెరిగిన బరువును ఆపగల బ్రేకులు కావాలి. చైన్ నడిపే వెనుక పళ్లచక్రాన్ని 42 పళ్ల నుంచి 50 పళ్లకు మారిస్తే లాగుడు దాదాపు 19 శాతం పెరిగి, గరిష్ఠ వేగం 16 శాతం తగ్గుతుంది. 150 సీసీల బండికి ఈ మార్పు చేసేలోపే పెద్ద ఇంజన్ వెతకడం తొందరపాటు; ఇద్దరు ముగ్గురితో పాటు సామాను మోయవలసి వస్తే మాత్రం 350 సీసీల ఇంజన్‌కు అర్థముంటుంది.

చట్టం కూడా ఈ తేడాను పాటిస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నమోదు చేసిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని మరింత స్పష్టం చేసింది. దివ్యాంగుల కోసం మార్చిన వాహనానికి మాత్రం అదే చట్టంలో ప్రత్యేకమైన చోటు ఉంది. కనుక పానా పట్టకముందే రవాణా కార్యాలయాన్ని సంప్రదించడం బండికీ, దానిని నమ్ముకున్న మనిషికీ మేలు.

ఇప్పుడు విద్యుత్ ఆటోలు వస్తున్నాయి. వాటి మోటారుకు సీసీ లేదు, కదలిక మొదలైన క్షణంలోనే తిప్పుబలం అందుతుంది. మేడారం దారిన నడిచిన ఎడ్లబండికీ సీసీ లేదు. ఈ రెండింటి నడుమ వచ్చిన కొలత సీసీ. బండి కట్టే మనిషి ముందుగా తేల్చుకోవలసినవి ఎత్తబోయే బరువు, దాటబోయే వాగు, ఎక్కబోయే గట్టు. జోడెడ్లు కట్టాలా, ఒంటెద్దు చాలా అని ఈ దారిలో వెనుకటి రైతు చూసుకున్నదీ వాటినే.