ఇనుప రాయి కోసం వేసిన దారి

మన మన్యంలో రైలు చరిత్ర చెప్పుకోవాలంటే ముందు సరిహద్దుల చరిత్ర చెప్పుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. 2000లో బస్తర్ ఛత్తీస్‌గఢ్‌లో భాగమైంది. గీతలు మారాయి గాని గదబ, పొర్జ, కోదు కుటుంబాల చుట్టరికాలు మారలేదు. అటు పిల్లనివ్వడం, ఇటు పిల్లను తెచ్చుకోవడం నేటికీ ఉంది.

ఈ మూడు రాష్ట్రాలనూ కలిపేది కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం. కానీ దాన్ని మన చుట్టరికాల కోసం వేయలేదు. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికే ఆ దశకంలో పట్టాలు పరిచారు. పొడవు సుమారు 445 కిలోమీటర్లు, సొరంగాలు 58. శిమిలిగూడ దగ్గర దారి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. నేటికీ నిండు వ్యాగన్లు కొండ దిగుతాయి, ఖాళీవి కొండెక్కుతాయి. మన కొండల సంపద ఎటు పోతుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

అదే పట్టాల మీద నడిచే కిరండూల్ పాసింజరు మనకు దక్కిన వాటా. అది బొర్రా, అరకు, పాడువా వంటి చోట్ల ఆగుతుంది. సంతకు, ఆసుపత్రికి, చుట్టాలింటికి వెళ్లేవాళ్లకు అదే ఆధారం. 2017లో ఈ దారిలో అద్దాల పెట్టె వచ్చింది. అది లోయ అందం చూసే పర్యాటకుల కోసం.

2024 సెప్టెంబరులో విశాఖ–దుర్గ్ వందే భారత్ మొదలైంది. అది ఈ దారిన రాదు. విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా సుమారు 8 గంటల్లో దుర్గ్ చేరుతుంది. మేము వేగాన్ని వద్దనడం లేదు. ఉద్యోగ పరీక్షకు, పెద్దాసుపత్రికి వెళ్లే మన బిడ్డకు గంట కలిసొచ్చినా మేలే. కానీ ఆ బండి కూనేరు, జిమిడిపేటల్లో ఆగదు. అక్కడివాళ్లు పార్వతీపురానికో రాయగడకో చేరితేనే ఆ వేగం వాళ్లది అవుతుంది. అందాకా తీసుకెళ్లేది మళ్లీ నెమ్మది బండే. చిన్న స్టేషన్లలో ఆగే బండ్లు తగ్గితే, పెద్ద బండ్లు ఎన్ని వచ్చినా మన ఊళ్లు దూరంగానే మిగులుతాయి.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు, యువతకు మా మాట ఒకటే. ఆ సొరంగాలు తొలిచే రోజుల్ని చూసిన ముసలివాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కూలి ఎంత ఇచ్చారు, ఎవరి భూమి పోయింది, మొదటి బండి వచ్చిన రోజు ఊరు ఏమనుకుంది అని అడగండి. వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాళ్లు వెళ్లిపోతే ఈ దారి చరిత్రలో ఖనిజం లెక్కలే మిగులుతాయి, మన మనుషులు మిగలరు.