నడుముకి చిన్న కోత సరే.. పదేళ్ల తర్వాత సంగతేంటి?

మా పిన్నిది మోపిదేవి పక్కన ఊరు. ముప్పై ఏళ్లు వరి నాట్లు వేసిన నడుము ఆవిడది. ఈ మధ్య గుడివాడలో స్కానింగ్ తీయిస్తే "కింది పూస ముందుకి జారింది, కదులుతోంది" అన్నారట. "చిన్న కోతేనంట, మర్నాడే నడిపిస్తారంట. చేయించుకోమంటావా?" అని ఫోన్ చేసింది. నేను డాక్టర్ని కాదు. కానీ ఈ ఆపరేషన్ చరిత్ర చదివాను. ఇవాళ అదే చెప్పుకుందాం.

నడుములో ఐదు పూసలు. డిస్కులు, కీళ్లు, కండరాలు వాటిని పట్టి ఉంచుతాయి. ఆ పట్టు సడలితే పూస జారి, కాల్లోకి దిగే నరం నలుగుతుంది. నాలుగడుగులు నడిస్తే కాళ్లు బరువెక్కి, ఎక్కడ అరుగు కనిపిస్తే అక్కడ కూర్చోవాల్సిందే.

1911లో న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ విడివిడిగా ఒకే దారి పట్టారు: పూసల్ని ఎముకతో అతికించేయడం. అప్పట్లో అది క్షయ పట్టిన వెన్ను కోసం. అతుక్కునేదాకా నెలల తరబడి మంచమే. 1963లో పారిస్‌లో రాయ్-కమీల్ పూసల్లోకి స్క్రూలు దించాక అతుకుకి గట్టి ఆధారం దొరికింది.

మన వైపో? 1949లో రాయవేలూరు సీఎంసీలో జాకబ్ చాందీ న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది మద్రాసులో రామమూర్తి గారు. అంటే బందరు మనిషికి వెన్ను ఆపరేషన్ అంటే దూరప్రయాణం. 2023లో బందరులోనే గవర్నమెంట్ మెడికల్ కాలేజీ వచ్చింది.

పాత పద్ధతిలో ఇబ్బంది ఏంటంటే, పూస దాకా వెళ్లడానికి కండరాల్ని ఎముక నుంచి విడదీయాలి. 1997లో అమెరికాలో ఫోలీ, స్మిత్ కండరాన్ని కోయకుండా పక్కకి జరిపి, సన్న గొట్టంలోంచి డిస్కు ఆపరేషన్ చేసి చూపించారు. కొన్నేళ్లకే పూసలు అతికించడమూ ఆ దారినే మొదలైంది.

మరి ఫలితం? రక్తం తక్కువ పోతుంది, ఆస్పత్రిలో రోజులు తగ్గుతాయి. ఇది నిజమే. కానీ రెండేళ్లకి, ఐదేళ్లకి చూస్తే నొప్పిలో, పనిలో పెద్ద కోతకీ చిన్న కోతకీ పెద్ద తేడా కనిపించట్లేదు. పైగా అతికిన పూస కదలదు కాబట్టి, ఆ బరువు పక్క పూస మీద పడుతుంది. కోత చిన్నదైనా ఇది తప్పదు.

అసలు అతికించాలా అన్నది ఇంకో ప్రశ్న. 2016లో ఒకే వైద్య పత్రిక, ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వేసింది. స్వీడన్‌లో 247 మందిని చూస్తే, నరం మీద ఒత్తిడి తీయడంతో పాటు పూసలు అతికించినా అదనపు లాభం లేదు. అమెరికాలో 66 మందిని చూస్తే, అతికించిన వాళ్లు కొంత మెరుగ్గా ఉన్నారు, మళ్లీ ఆపరేషన్లూ తక్కువ పడ్డాయి. అయితే పూస మరీ కదిలిపోయేవాళ్లని ఆ అమెరికా అధ్యయనంలో చేర్చలేదు. అందుకే ఒకరి రిపోర్టు ఇంకొకరికి సరిపోదు.

నాకు అర్థమైంది ఇదీ: కోత సైజు మొదటి నెల సంగతి. పదేళ్ల సంగతి తేల్చేది ఎముక, పక్క పూస, అసలు ఆ ఆపరేషన్ మీకు అవసరమా కాదా అన్నదే.

పిన్నికి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. స్క్రూలు తప్పనిసరా, ఒత్తిడి తీస్తే చాలదా? నా ఎముక బలం చూశారా? అతుక్కుందో లేదో ఎప్పుడు, ఎలా చూస్తారు? ఇంట్లో చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్న వాళ్లుంటే అదీ డాక్టరుకి చెప్పాలి, పొగ వల్ల ఎముక సరిగా అతకదు.

ఒక్క విషయంలో మాత్రం ఆగకండి. ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు పట్టు తప్పినా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

వచ్చే వారం పిన్ని డాక్టరు దగ్గరికి వెళ్తోంది. కాగితం పట్టుకుని నేనూ వెళ్తున్నాను. మీ ఇంట్లోనూ నాట్లు వేసి వంగిన నడుము ఉంటే, రిపోర్టు వాట్సాప్‌లో అడిగి ఊరుకోకండి. తోడు వెళ్లండి. ఉంటాను.