కాకి హంస అయిన చోట

మొన్న మాఘపౌర్ణమికి మా మనవరాలిని వెంటపెట్టుకుని హంసలదీవి వెళ్ళాను. పిల్ల హైదరాబాదులో ఐదో తరగతి చదువుతోంది. వేణుగోపాలస్వామి దర్శనం అయ్యాక సంగమం దగ్గర ఇసకలో కూచోబెట్టి, మా అమ్మమ్మ నాకు చెప్పిన కథే దానికి చెప్పాను. లోకంలో పాపాత్ములంతా వచ్చి తనలో మునిగి వాళ్ళ పాపాలు వదిలేసి పోతూంటే గంగమ్మ నల్లబడి కాకి రూపు దాల్చిందిట. ఎన్ని తీర్థాల్లో మునిగినా నలుపు వదల్లేదుట. చివరికి ఇక్కడ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగి లేచేసరికి తెల్లటి హంస అయిపోయిందిట. అందుకే ఈ ఊరు హంసలదీవి.

కథ శ్రద్ధగానే విన్నది. విని, "అమ్మమ్మా, పొద్దున దారిలో ఘంటసాలలో చూశాం కదా, ఆ రాళ్ళ మీద దేవుడు. ఆయనకీ గంగకీ చుట్టరికం ఏమిటి?" అంది.

"ఆయన బుద్ధుడమ్మా."

"బుద్ధుడు దేవుడా?"

"దేవుడంటే... కొందరు అవతారం అంటారు. ఆయన మాత్రం..." అని నసిగాను.

"మా మోరల్ సైన్సు పుస్తకంలో అన్ని మతాలూ చెప్పేది ఒకటే అని ఉంది. చెప్పేది ఒకటే అయితే ఇన్ని మతాలెందుకు?"

చూశారూ! ఎం.ఏ. హిస్టరీ చదివిన అమ్మమ్మకి ఐదో తరగతి పిల్ల ఎలా గడ్డి పెట్టిందో. బందరు నుంచి హంసలదీవి వచ్చే ఆ కాస్త దారిలో మసీదులున్నాయి, చర్చీలున్నాయి, మోపిదేవిలో సుబ్బారాయుడున్నాడు, ఘంటసాలలో బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. ఆ దారిన ఎన్నేళ్ళు తిరిగానో! వాటిల్లో మా గుళ్ళ సంగతి తప్ప నాకు తెలిసిందెంత?

ఎంత తెలుసో చెప్పడానికి సిగ్గుగా ఉన్నా ఒక ముచ్చట చెబుతాను. 1977 ఉప్పెన వెళ్ళిన నాలుగైదేళ్ళకి అవనిగడ్డ నుంచి మా కాపురం బందరుకి మారింది. పక్కింట్లో ఒక షియా ముస్లిం కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలు నన్ను "వదినా" అనేది, నేను ఆవిణ్ణి "ఆపా" అనేదాన్ని. ఆవకాయ అటూ, సేమ్యా ఇటూ గోడ దాటుతూ ఉండేవి. ఆ ఏడు పీర్ల పండగ వచ్చింది. పండగే కదా అని పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో మైసూరుపాకు పెట్టుకుని, నవ్వుతూ వాళ్ళింటికి వెళ్ళాను. ఇంట్లో అందరూ నల్లబట్టలతో ఉన్నారు. ఆపా కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. ఎవరికి ఏమయిందో అని నా గుండె ఝల్లుమంది. ఆవిడ పళ్ళెం అందుకుని, ఒక పక్కన పెట్టి, "కూచో వదినా, ఇవాళ మాకు పండగ కాదు, ఏడిచే రోజు" అంది. మొహర్రం పదోనాడు కర్బలాలో ప్రవక్త మనవడు ఇమాం హుసేన్ని చంపిన రోజని అప్పుడు తెలిసింది నాకు. మా పల్లెలో పీర్లు ఊరేగుతుంటే ఎదురెళ్ళి నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకున్నవాళ్ళమే మేమంతా. ఎవరి కోసం పోస్తున్నామో ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు నుంచీ నాకు ఒకటే ఆలోచన. ఇంత చదువు చదివాం, ఈ చదువు మాత్రం మనకి బళ్ళో ఎందుకు చెప్పలేదు? చెప్పకపోవడానికి ఒక చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం మా బందరులోనే జరిగింది.

వెనకటి వీధిబళ్ళలో మతం పాఠం అని విడిగా ఉండేది కాదు. అక్కర్లేకపోయింది. అక్షరాలు మొదలుపెట్టడమే "ఓం నమః శివాయ, సిద్ధం నమః" అని దిద్దించేవారు. దాన్నుంచే ఓనమాలు అన్న మాట పుట్టింది. శతకాలు, బాలరామాయణం, అమరం... చదువులో భక్తి ఎక్కడో, భాష ఎక్కడో విడదీయలేనట్టుగా కలిసిపోయి ఉండేవి. ఆడపిల్లలు ఆ బడి ముఖం చూడటమే అరుదు. మనకి వ్రతకథలే వాచకాలు.

అలాంటి బందరుకి 1841లో ఇద్దరు దొరలు ఓడ దిగారు. ఒకరు హెన్రీ వాట్సన్ ఫాక్స్, రెండోవారు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. ఫాక్సుగారు వీధుల్లో ప్రచారం చేశారు. నోబులుగారు 1843 నవంబరులో ఇంగ్లీషు బడి తెరిచారు. పై కులాల పిల్లల కోసమే ఆ బడి. మాలమాదిగ పిల్లలకి మొదట్లో అందులో చోటు లేదు. అందరూ దేవుడి బిడ్డలేనని చెప్పే బళ్ళో ఈ అడ్డుగోడేమిటని మిషనరీల్లోనే విమర్శలు వచ్చాయి. పెళ్ళి చేసుకోకుండా, ఒక్కసారైనా సొంత దేశం వెళ్ళకుండా 1865లో చనిపోయేదాకా ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నారు. లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవారు. వాటితోపాటు ప్రతిరోజూ బైబిలు పాఠం, అందరికీ. ఆ పాఠం వద్దంటే బడే వద్దన్నమాట.

తల్లిదండ్రులకి తెలియక కాదు. ఇంగ్లీషు వస్తే కచేరీలో ఉద్యోగం వస్తుంది. ఆ పాఠం చెవిన పడ్డా మనసున పడనివ్వకు అని చెప్పి పంపి ఉంటారని నా ఊహ. ఇప్పటికీ మనం కాన్వెంటుకి పంపేటప్పుడు చేసేది అదే కదా!

1852లో మనసున పడింది. మంచాల రత్నం, ఐనాల భూషణం అని ఇద్దరు విద్యార్థులు. మొదటివాడు బ్రాహ్మణ కుర్రాడు, రెండోవాడు వెలమ కుర్రాడు. ఇద్దరూ ఇళ్ళొదిలి నోబులుగారి బంగళాకి వెళ్ళి క్రైస్తవం పుచ్చుకున్నారు. ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. బంగళా మీదికి జనం వచ్చారు. బంధువులు బతిమాలారు. పిల్లలు తిరిగి రాలేదు. మర్నాటికి బడి దాదాపు ఖాళీ.

చరిత్ర పుస్తకాల్లో ఈ ఘట్టం ఒక్క పేరాలో అయిపోతుంది. మిషనువారు రాస్తే విజయం, మనవాళ్ళు రాస్తే అన్యాయం. నాకు మాత్రం ఆ పుస్తకాల్లో కనిపించని ఇద్దరు తల్లులు కళ్ళకి కడతారు. ఆ రోజుల్లో మతం మారిన కొడుకంటే బతికుండగానే లేనట్టే లెక్క. వాడితో కలిసి తినకూడదు, ఇంట్లోకి రానివ్వకూడదు. పొద్దున చద్దన్నం తిని బడికెళ్ళిన పిల్లాడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ కుర్రాళ్ళ వైపు నుంచి చూసినా అంతే. నిజమని నమ్మిన దాని కోసం అమ్మని వదులుకోవడం చిన్న సంగతి కాదు. తరవాత ఇద్దరూ పాదిరీలయ్యారు. అదే బళ్ళో చదివిన జానీ అలీ అనే ముస్లిం యువకుడు కూడా క్రైస్తవుడై కేంబ్రిడ్జికి వెళ్ళి చదువుకున్నాడు.

ఖాళీ అయిన బడి మళ్ళీ నిండింది. ఇంగ్లీషు మీద మోజు అలాంటిది. అదే తరవాత నోబుల్ కాలేజీ అయింది. తమాషా ఏమిటంటే, రామాయణ కల్పవృక్షం రాసి 1970కి జ్ఞానపీఠం తెచ్చిన విశ్వనాథ సత్యనారాయణగారు చదువుకున్నది ఆ కాలేజీలోనే! సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి సంగతీ అంతే. తెలుగు కుటుంబంలో పుట్టి, వేలూరులోనూ మద్రాసులోనూ మిషను కాలేజీల్లో చదువుకున్నారు. అక్కడ హిందూమతం మీద విన్న విమర్శలే తనని ఆ మతాన్ని లోతుగా చదివేలా చేశాయని ఆయనే చెప్పుకున్నారు. బైబిలు పాఠం ఒకరిని పాదిరీని చేస్తే, మరొకరిని వేదాంతిని చేసింది. విత్తనం ఒకటే అయినా నేలని బట్టి పంట.

ప్రైవేటు బడి సంగతి అలా ఉంటే, సర్కారు బడి మాటేమిటి? 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువుకి సర్కారు బళ్ళలో కూడా బైబిలు పాఠం పెడితే బాగుంటుందని తోచింది. దానికి అడ్డం నిలిచినవారు మన తెలుగు వర్తకులు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. మద్రాసులో సభ పెట్టించి జనం సొమ్ముతో నడిచే బళ్ళో ఒకరి మతం చెప్పడమేమిటని అడిగించారు. మరుసటి ఏడు 1847లో లండనులోని కంపెనీ డైరెక్టర్లు కూడా గవర్నరు మాటకి ఒప్పుకోలేదు. 1854లో వచ్చిన ఉడ్ గారి ఉత్తర్వు సర్కారు బడిలో మతం లేని చదువే ఉండాలంది. మిషను బడి చదువు బాగుంటే చాలు, అక్కడ మతం ఏం చెబుతున్నారో చూడకుండా గ్రాంటు ఇవ్వవచ్చునంది. ఒకచోట ఒక్క మతమే, ఇంకోచోట ఏ మతమూ లేదు. పక్కవాడి మతం గురించి తెలుసుకునే చోటు మాత్రం ఎక్కడా లేదు.

స్వతంత్రం వచ్చాక మన రాజ్యాంగం 28వ అధికరణం ఇంచుమించు ఆ దారినే పోయింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బళ్ళో మతబోధ కూడదు. గుర్తింపో గ్రాంటో ఉన్న బళ్ళో మతబోధ ఉన్నా, బలవంతం కూడదు. మైనరు పిల్లలయితే తల్లిదండ్రులు ఒప్పుకుని తీరాలి. 1852లో ఆ ఇద్దరు తల్లులకి లేనిది ఈ హక్కే. అందుకే ఆ అధికరణం చదివినప్పుడల్లా నాకు బందరే గుర్తొస్తుంది.

అయితే రాజ్యాంగ సభలో దీనిమీద చర్చ జరిగినప్పుడు అంబేద్కర్ గారు ఒక తేడా చెప్పారు. ఫలానాది నమ్ము అని నూరిపోయడం వేరు, ఒక మతాన్ని చదివి తెలుసుకోవడం వేరు అని. రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన వేసిన కమిషను 1949లో కాలేజీ పిల్లలకి మొదటి ఏడు మహాపురుషుల చరిత్రలు, రెండో ఏడు అన్ని మతగ్రంథాల నుంచి ఏర్చిన భాగాలు చెప్పమంది. 1964-66 నాటి కొఠారి కమిషనూ అంతే: మతవిద్య వేరు, మతాల గురించిన విద్య వేరు, రెండోది బళ్ళలో చెప్పాలి అంది. 2002లో సుప్రీంకోర్టు కూడా, మతాల గురించి చెప్పడం రాజ్యాంగం కాదన్న మతబోధ కిందికి రాదని తీర్పిచ్చింది. ఇందరు పెద్దలు ఇన్నిసార్లు చెప్పినా చివరికి మన పిల్లల చేతికి వచ్చింది మోరల్ సైన్సు పుస్తకం. అన్నీ ఒకటే అంటే మేష్టారికి గొడవుండదు, అడిగే పిల్లకి జవాబూ ఉండదు.

నోబులుగారు పుట్టిన దేశం ఈ విషయంలో ఎంత దూరం నడిచిందో చూడండి. 1944 చట్టంతో ఇంగ్లండు బళ్ళలో మతపాఠం తప్పనిసరి చేశారు, ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని ఆ పాఠం మానిపించవచ్చు. 1988 చట్టం వచ్చేసరికి క్రైస్తవంతోపాటు దేశంలో ఉన్న మిగతా ముఖ్య మతాల గురించి కూడా చెప్పాలన్నారు. నోబులుగారి తండ్రి లెస్టర్‌షైర్‌లో ఒక పల్లెకి పాదిరీ. ఇవాళ లెస్టర్ ఊళ్ళో దీపావళి వీధుల నిండా వెలిగిపోతుంది, అక్కడి తెల్లపిల్లలు బళ్ళో మన పండగల గురించి చదువుకుంటారు. ఆయన బందరుకి బైబిలు మోసుకొస్తే, వాళ్ళ ఊరికి మన ప్రమిదలు వెళ్ళాయి!

ఇదంతా ఐదో తరగతి పిల్లకి ఇసకలో కూచుని చెప్పలేం గదా. తిరుగుదారిలో బందరులో దాన్ని ఆపా ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి, కళ్ళు సరిగ్గా కనపడవు. "దీనికి కర్బలా కథ చెప్పు ఆపా" అన్నాను. మనవరాలు మంచం పక్కన చేరింది. ఆవిడ మెల్లిగా చెప్పింది. ఎడారి, ఎండ, ఎదురుగా యూఫ్రటీసు నది, నీళ్ళు తాగనివ్వకుండా కాపలా కాసిన సైన్యం, దాహంతో ఏడ్చే పసిపిల్లలు.

"నది పక్కనే ఉంటే నీళ్ళు లేకపోవడమేమిటి?" అంది మనవరాలు నమ్మకం కుదరక.

అప్పుడు నేను అందుకున్నాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. మర్నాడు అవనిగడ్డలో ఎటు చూసినా నీళ్ళే, గుక్కెడు తాగే నీళ్ళు మాత్రం లేవు. బావుల్నిండా ఉప్పునీళ్ళు, శవాలు. చంటిపిల్ల తల్లి ఒకామె మా అరుగు మీద కూచుని కొంగు తడిపి బిడ్డ పెదాలకి అద్దుతోంది, ఆ తడీ ఉప్పే.

మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆపా చేతిలో పెట్టింది. ఆవిడ గ్లాసు పట్టుకుని నా వైపు తిరిగి, "మరి మీ హంసలదీవి కథ నాకు ఎప్పుడూ చెప్పలేదేం వదినా? ఇన్నేళ్ళ బట్టీ ఇక్కడే ఉన్నాం, హంసలెక్కడివా అనుకుంటూనే ఉన్నాను" అంది.

మనవరాలు అందుకుంది: "నేను చెబుతా నాన్నమ్మా. అనగనగా ఒక కాకి..."